ఉతికినా పోని డైపర్ వాసన

గుడ్డ డైపర్ల వాసన గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాం. చాలామంది "వాసన వస్తోంది, ఏం వేసి ఉతకాలి?" అని మాత్రమే రాశారు. ఏం వేయాలో చెప్పేముందు వాసన ఎప్పుడు వస్తోందో తెలియాలి. దండెం మీది నుంచి తీసినప్పుడే వస్తోందంటే ఉతుకు చాలలేదు, లేదా ఆరడం ఆలస్యమైంది. ఎండినప్పుడు లేకుండా, బిడ్డ తడపగానే గుప్పుమంటోందంటే గుడ్డలో పాత మురికి పేరుకుంది. పొద్దున విప్పేటప్పుడు మాత్రమే ఘాటుగా ఉంటోందంటే అది అమ్మోనియా. మూడింటికీ మందు ఒకటి కాదు. ఇది చూసుకోకుండా బ్లీచింగ్ డబ్బా మూత తీయకండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదో నెల. పాకెట్ డైపర్లు, వాటి కవరు లోపల దూర్చే మైక్రోఫైబర్ ఇన్సర్టులు (తడిని పీల్చే గుడ్డలు) వాడుతున్నాం. ఆరేసి తెచ్చినప్పుడు ఏ వాసనా ఉండదు. పాప ఒక్కసారి ఉచ్చ పోసిందంటే పది నిమిషాల్లో గదంతా కంపు. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. ముందు సబ్బు బిళ్లతో రుద్ది, తర్వాత మెషీన్‌లో వేస్తాం. పౌడర్ మిగిలిపోతోందేమోనని సగానికి తగ్గించాం, నాలుగుసార్లు జాడిస్తున్నాం. అయినా తేడా లేదు.
— ఒక తల్లి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. బోరు నీళ్లు, సబ్బు బిళ్ల, తగ్గించిన పౌడర్, నాలుగు జాడింపులు. నాలుగూ కలిసి పనిని చెడగొడుతున్నాయి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు తగిలితే అవి దానితో కలిసి, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు కడతాయి. ఆ తరకలు నీళ్లలో కరగవు, పోగుల మధ్య ఇరుక్కుంటాయి. డిటర్జెంట్ పౌడర్ సబ్బంత తేలిగ్గా విరగదు గానీ, అందులోనూ కొంత భాగం ఈ లవణాలను కట్టేయడానికే ఖర్చయిపోతుంది. మిగిలినదే మురికిని లాగాలి. మీరు పౌడర్ సగం చేయడంతో ఆ మిగిలేదీ లేకుండా పోయింది. ఆ తర్వాత ఒట్టి బోరు నీళ్లలో నాలుగుసార్లు జాడిస్తే గుడ్డకు మళ్లీ లవణాలే పడతాయి. మైక్రోఫైబర్ పోగులు అతి సన్నగా చీలి ఉంటాయి కాబట్టి ఇలాంటి పొరను పట్టి ఉంచడంలో నూలు గుడ్డ దానికి సాటిరాదు. ఆ పొరలోనే మూత్రపు మిగులు, దాన్ని తినే బ్యాక్టీరియా ఉండిపోతాయి. వెచ్చటి తడి తగలగానే వాసన లేస్తుంది.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి, ఉతికి ఎండిన ఇన్సర్టు ఒకటి గిన్నెలో పెట్టి దాని మీద గ్లాసుడు వేడినీళ్లు పోసి, ఆవిరి వాసన చూడండి. పాత ఉచ్చ వాసన తగిలితే సందేహం అక్కర్లేదు. మరో ఇన్సర్టును సబ్బూ పౌడరూ ఏమీ వేయని మంచినీళ్ల బకెట్‌లో ముంచి గట్టిగా పిసకండి. నురగ వస్తే పాత డిటర్జెంట్ కూడా లోపల ఉన్నట్టే.

నీళ్ల సంగతి వంటింట్లోనే తెలుస్తుంది. కందిపప్పు ఉడకడానికి మొరాయిస్తోందా? కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటోందా? అయితే అవి కఠిన జలాలే. అంకె కావాలంటే నీటి పరీక్షలో "టోటల్ హార్డ్‌నెస్" చూడండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం) వేరు, ఇది వేరు. తాగునీటికి భారతీయ ప్రమాణం (ఐఎస్ 10500) లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిదనీ, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఓర్చుకోవచ్చనీ అంటుంది. తాగడానికి సరేననుకున్న ఆ 600 నీళ్లు డైపర్లు ఉతకడానికి చాలా చెడ్డవి. బట్టలకైతే 180 దాటితేనే బాగా కఠినమని లెక్క.

ఇంకో మాట. చాలా ఇళ్లలో ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు వృథా కాకూడదని బకెట్‌లో పట్టి బట్టలకు వాడతారు. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. డైపర్లకు మాత్రం వద్దు. తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చిక్కగా ఉండేది అందులోనే.

ఇక పేరుకున్నదాన్ని వదిలించే పద్ధతి. ఇది ఇన్సర్టులకు మాత్రమే. పైకవర్ల లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర (పీయూఎల్) ఇంత వేడికి ఊడిపోవచ్చు, వాటికి ఇది అవసరమూ లేదు.

ముందు ఇన్సర్టులను మామూలుగా ఉతికేయండి. మురికిగా ఉన్నవాటిని నానబెడితే ఒకదాని మురికి ఇంకోదానికి పడుతుంది. అవి బిరుసెక్కి ఉంటే తొలి విడత నిమ్మఉప్పు: 10 లీటర్ల నీళ్లలో 1 టేబుల్ స్పూను కరిగించి అరగంట నానబెట్టి, పిండి, రెండుసార్లు జాడించండి. సున్నపు పొర దీనికే వదులుతుంది.

రెండో విడత వేడినీళ్ల నానుడు. 20 లీటర్ల బకెట్‌లో 60 డిగ్రీల నీళ్లు కావాలి. థర్మామీటరు లేకపోతే 10 లీటర్ల చన్నీళ్లు ముందు పోసి, వాటి మీద 10 లీటర్ల మరుగుతున్న నీళ్లు పోయండి, దాదాపు అంతే వస్తుంది. పాకే బిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి బాత్రూమ్ తలుపు వేసి చేయండి. అందులో 1 టేబుల్ స్పూను బట్టల సోడా (వాషింగ్ సోడా) వేసి కలిపి, పది నిమిషాలు ఆగండి. సోడా ముందు లవణాలను విడగొట్టాలి, అప్పుడు పౌడర్ మొత్తం మురికికే మిగులుతుంది. (300 హార్డ్‌నెస్ ఉన్న 20 లీటర్లకు లెక్కప్రకారం 6, 7 గ్రాముల పొడి సోడా చాలు. టేబుల్ స్పూను వేస్తే అంతకన్నా కఠినమైన నీళ్లకూ సరిపోతుంది.) తర్వాత 2 టేబుల్ స్పూన్ల మామూలు డిటర్జెంట్ పౌడర్ కలిపి, ఇన్సర్టులు 10 లేదా 12 మాత్రమే వేయండి. ఐదారు గంటలు ఉంచి, మధ్యమధ్య కర్రతో కలపండి. నీళ్లు మసకగా మారతాయి. అదంతా మురికేనని సంతోషపడనక్కర్లేదు, సోడా విడగొట్టిన లవణాల మసక కూడా అందులో ఉంటుంది. పిండేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి. సోడాను అల్యూమినియం గిన్నెల్లో కలపకండి, గిన్నె తినేస్తుంది.

చివరి జాడింపు మాత్రం మంచి నీళ్లతోనే కావాలి. మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో వచ్చే రోజు ఈ పని పెట్టుకోండి. వానాకాలమైతే డాబా మీద పట్టిన వాననీళ్లు ఇంకా మెత్తనివి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. మళ్లీ ఆవిరి పరీక్ష చేసి చూడండి. కొద్దిగా మిగిలితే వారం తర్వాత ఇంకోసారి చేయండి. రెండుసార్లకూ పోకపోతే ఆ మైక్రోఫైబర్‌ను కారు తుడవడానికి ఇచ్చేసి, నూలు టర్కీ గుడ్డ ఇన్సర్టులు కొనుక్కోవడం మేలు.

తర్వాత రోజువారీ ఉతుకు మారకపోతే నెలలో మళ్లీ ఇదే స్థితి. సబ్బు బిళ్ల పూర్తిగా మానండి. పౌడర్ ప్యాకెట్ మీద బాగా మురికి బట్టలకు రాసిన కొలత వేయండి. ఆ నీళ్లలో చెంచాడు బట్టల సోడా ముందుగా కలపండి. జాడింపులు రెండు చాలు.

ప్రశ్న: బాబుకు పద్నాలుగు నెలలు. పగలు ఏ ఇబ్బందీ లేదు. పొద్దున్నే డైపర్ విప్పితే మాత్రం కళ్లు మండేంత ఘాటు. తొడల మధ్య ఎర్రబడుతోంది కూడా. రాత్రి ఎనిమిదిన్నరకు కడితే పొద్దున ఆరున్నరకు విప్పుతాం.
— గుంటూరు

జవాబు: పది గంటలు. అసలు కారణం అంతే. అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. అందులోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. వెచ్చదనం, తడి, గంటల వ్యవధి ఉంటే ఆ పని జోరుగా సాగుతుంది. మలం కూడా అంటితే ఇంకా జోరు, ఎందుకంటే ఆ పని చేసే బ్యాక్టీరియా పేగుల్లోంచి అందులో పుష్కలంగా వస్తుంది. అమ్మోనియా క్షారం. దానికి చర్మం మీది సహజమైన ఆమ్లగుణం తగ్గి, మలంలోని ఎంజైములు చర్మాన్ని కొరకడం తేలికవుతుంది. ఎరుపు అందుకే.

పొద్దున కాస్త ఘాటు ఉండటం మామూలే, పూర్తిగా పోగొట్టాలని పట్టుబట్టకండి. కళ్లు మండేంత ఉంటే మాత్రం మూడు పనులు చేయండి. రాత్రి మీరు పడుకునే ముందు, పదకొండు ప్రాంతంలో, నిద్ర లేపకుండానే ఒకసారి మార్చండి. ఒక్క మార్పుతో పది గంటలు కాస్తా ఏడున్నర అవుతుంది. రెండోది, రాత్రికి మైక్రోఫైబర్ బదులు నూలు లేదా వెదురు-నూలు కలిపిన ఇన్సర్టులు రెండు పెట్టండి. ఒకటే పెడితే మూత్రం అంతా ఒకచోటే చిక్కగా నిలుస్తుంది. మూడోది అన్నిటికన్నా పని చేసేది: పొద్దున విప్పగానే ఆ ఇన్సర్టులను కుళాయి కింద పట్టి, చన్నీళ్లతో నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి, తర్వాతే మురికి బట్టల బుట్టలో వేయండి. పగటివాటికి ఇది అవసరం లేదు. రాత్రివి అలాగే వేస్తే వాటి అమ్మోనియా బుట్టలోని మిగతావాటికీ పడుతుంది.

ఎర్రబడిన చోట జింక్ క్రీము రాస్తుంటే, చర్మానికీ డైపర్‌కూ మధ్య పాత పంచె ముక్క ఒకటి వేయండి. క్రీము గుడ్డకంటితే నీళ్లు పీల్చుకోదు. ఎండాకాలంలో ఘాటు ఎక్కువైతే బాబు నీళ్లు తక్కువ తాగుతున్నాడేమో చూసుకోండి, చిక్కటి మూత్రానికి వాసన ఎక్కువ. ఈ మాట ఆరు నెలలు దాటిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్లకు తల్లిపాలే, నీళ్లు పట్టకూడదు.

ప్రశ్న: మనవరాలి డైపర్లను చివర్లో డెట్టాల్ నీళ్లలో ముంచి ఆరేస్తున్నాను. బీరువాలో పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తున్నాను. అయినా వాసన పోవడం లేదు. కోడలు ఈ రెండూ వద్దంటోంది. మా పిల్లల గోచీలకు ఇవే వాడాం, ఏమీ కాలేదు.
— ఒక నానమ్మ, కరీంనగర్

జవాబు: ఈ విషయంలో మీ కోడలి మాటే వినండమ్మా. ముఖ్యంగా కలరా ఉండలు ఈ రోజే తీసేయండి. వాటిలో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పచ్చకామెర్లు వస్తాయి, పసికందుల్లో అది మెదడు దాకా పోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు పైకి తెలియదు. నాఫ్తలీన్ నూనెలో కరిగే పదార్థం కనుక నూనె రాసిన ఒంటికి ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది. బిడ్డ పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి, కలరా ఉండలు వాడిన సంగతి డాక్టరుకు చెప్పండి. బీరువాలో ఉన్న పొత్తిగుడ్డలన్నీ తీసి, ఆ వాసన బొత్తిగా పోయేదాకా రోజుల తరబడి గాలికి, ఎండకు వేసి, రెండుసార్లు ఉతికి వాడండి. కర్పూరం బిళ్లలూ బదులు కావు, పిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. ఎండిన వేపాకు మూటకట్టి పెట్టుకోండి.

డెట్టాల్ లాంటివి గుడ్డలో మురికిని తీయవు. తమ వాసనతో దాని వాసనను కప్పుతాయి, అంతే. వాటిలో ఆముదపు సబ్బు, పైన్ వాసన నూనె లాంటివి ఉంటాయి. జాడించకుండా ఆరేస్తే అవి గుడ్డలోనే ఉండి బిడ్డ చర్మానికి తగులుతాయి.

గోచీలకు ఏమీ కాలేదన్నారు, అదీ నిజమే. గోచీ ఒంటి పొర గుడ్డ. ఒక్కసారి తడవగానే విప్పేవాళ్లం, కుళాయి కింద రెండు పిండులకు శుభ్రమయ్యేది, గంటలో ఆరేది. ఇప్పటి డైపర్ నాలుగైదు పొరల మందం, మూడు నాలుగు గంటలు ఒంటి మీదే ఉంటుంది. అప్పటి ఉతుకు దీనికి చాలదు.

ప్రశ్న: జూన్ నుంచి అక్టోబరు దాకా మా ఇంట్లో డైపర్లన్నీ ముక్క వాసనే. ఆరడానికి రెండు రోజులు పడుతోంది. అమ్మ సాంబ్రాణి పొగ పట్టిస్తోంది. కొంచెం సేపు బాగుంటుంది, తర్వాత మామూలే.
— కాకినాడ

జవాబు: సాంబ్రాణి గుడ్డను ఆరబెట్టదు, వాసన మీద వాసన వేస్తుంది. ఆ పొగ పసిబిడ్డ ఊపిరికీ మంచిది కాదు. ముక్క వాసన బ్యాక్టీరియా పని. ఉతుకులో చావకుండా మిగిలినవి, గుడ్డ గంటల తరబడి తడిగా ఉంటే మళ్లీ పెరిగి వాసన ఆమ్లాలు వదులుతాయి. అందుకే ఎంత సేపట్లో ఆరిందన్నదే లెక్క. ఉదయం ఉతికినది సాయంత్రానికి ఆరిపోవాలని గురిపెట్టుకోండి.

కవర్లోంచి ఇన్సర్టు తీసి విడివిడిగా ఆరేయడం తప్పనిసరి. మడత ఇన్సర్టులైతే మడత విప్పండి. మెషీన్ స్పిన్ అయ్యాక ఇన్సర్టులను మాత్రం మరోసారి స్పిన్‌కు వేయండి, సెమీ ఆటోమేటిక్‌లో డ్రయ్యర్ తొట్టిలో ఐదు నిమిషాలు. దండెం మీద రెండు గుడ్డల మధ్య జానెడు ఖాళీ ఉంచి, ఫ్యాను గాలి పక్క నుంచి తగిలేలా పెట్టండి. గదిలో కిటికీ ఒకటి తెరిచి ఉండాలి, లేదంటే తేమ గదిలోనే తిరుగుతుంది. గోచీలు, నూలు ముక్కలు ఇస్త్రీ చేయొచ్చు. మైక్రోఫైబర్, కవర్లు ఇస్త్రీకి పనికిరావు. వానాకాలానికని మందపాటి కుట్టు ఇన్సర్టులు పక్కన పెట్టి, పల్చటి నూలు గుడ్డలు మడిచి వాడితే ఈ బాధలో ముప్పాతిక తీరుతుంది. కోస్తా గాలిలో తేమకు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

ఎండ వచ్చిన రోజు ఇన్సర్టులను నాలుగైదు గంటలు నేరుగా ఎండలో వేయండి, పసుపు మరకలు కూడా తడి మీద ఎండ తగిలితేనే పోతాయి. కవర్లను మాత్రం నీడలో వేయండి, రోజూ మండుటెండలో వేస్తే ఎలాస్టిక్ సాగిపోతుంది, లోపలి పొర పగులుతుంది.

ప్రశ్న: ఫ్రంట్ లోడ్ మెషీన్ కొన్నాక వాసన మొదలైంది. 15 నిమిషాల క్విక్ వాష్ వేస్తున్నాను. లిక్విడ్ వాడుతున్నాను, పసిపిల్లల బట్టలకని విడిగా అమ్మేది. గుడ్డకు హాని లేకుండా ఉండాలని.
— బెంగళూరులో ఉంటున్న ఒక తండ్రి

జవాబు: క్విక్ వాష్ చెమట చొక్కాలకు. మలమూత్రాలున్న మందపాటి గుడ్డలకు రెండు ఉతుకులు కావాలి. మొదటిది 30 నుంచి 45 నిమిషాలు, 40 డిగ్రీలు, సగం డిటర్జెంట్. ఇది పై మురికిని దింపేస్తుంది, ఆ నీళ్లు బయటకు పోవాలి. రెండోది "కాటన్" ప్రోగ్రామ్, పూర్తి కొలత డిటర్జెంట్, ఇన్సర్టులకు 60 డిగ్రీలు. కవర్లూ కలిపి వేస్తే 40 చాలు. పసిపిల్లల లిక్విడ్లు చాలావరకు పైబట్టలకు తగినంత మెత్తగా చేసినవి, డైపర్లకు చాలవు. ఫ్రంట్ లోడ్ పౌడర్, ఎంజైములు ఉన్నది, వాడండి. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు వేస్తుంటే మానండి. అవి పోగు మీద జారుడు పొర వేస్తాయి, గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది.

డ్రమ్ములో మూడొంతులు నిండాలి. నాలుగు డైపర్లు వేస్తే అవి అంచుకు అతుక్కుని తిరుగుతాయి తప్ప ఒకదాన్నొకటి రాసుకోవు. తువ్వాళ్లు కలిపి నింపండి. కుక్కి నింపినా అదే ఫలితం, కదలడానికి చోటుండదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత వేలితో తెరిచి చూడండి. అక్కడ నల్లటి జిగురు ఉంటే వాసన డైపర్లది కాదు, మెషీన్‌ది. తుడిచి, కింద ఫిల్టరు తీసి కడిగి, ఖాళీ డ్రమ్మును 90 డిగ్రీల్లో ఒకసారి తిప్పి, ఆ తర్వాత ఎప్పుడూ తలుపు కొంచెం తెరిచి ఉంచండి.

ప్రశ్న: రోజూ నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయిస్తాం. డైపర్ తడిని పీల్చకుండా పక్కల నుంచి కారుతోంది. గుడ్డకు పాత నూనె వాసన.
— నెల్లూరు

జవాబు: నూనె డైపర్ లోపలి ఫ్లీస్ గుడ్డకు పట్టింది. ఆ గుడ్డ పాలిస్టర్, పాలిస్టర్‌కు నూనె అంటే ఇష్టం, నీళ్లంటే లేదు. గుడ్డ మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి. బొట్లుగా నిలబడితే ఇదే సంగతి. గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా ఆ చోట వేసి, గోరువెచ్చకన్నా కాస్త వేడి నీళ్లతో తడిపి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా చేత్తోనే జాడించండి. ఆ లిక్విడ్‌ను మెషీన్‌లో పోయకండి, నురగ పొంగి మెషీన్ ఆగిపోతుంది. నూనె రాసినప్పుడు గోచీ కట్టి, నలుగు పెట్టి స్నానమయ్యి ఒళ్లు ఆరాకే డైపర్ తొడగండి. నూనె గుడ్డలను డైపర్లతో కలిపి ఉతకొద్దు.

ప్రశ్న: వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే వాసన మాయమవుతుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
— అనంతపురం

జవాబు: పొంగు చూడ్డానికి బాగుంటుంది. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, కలిస్తే రెండూ చచ్చి ఉప్పునీళ్లు మిగులుతాయి. వంటసోడా వేరు, బట్టల సోడా వేరు. నీళ్ల కఠినత్వం తగ్గించేది రెండోది.

ప్రశ్న: అక్క కొడుకు వాడిన డైపర్లు రెండేళ్లు అట్టపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు మా పాపకు వాడాలనుకుంటున్నాం. పాత వాసన, అక్కడక్కడ నల్ల చుక్కలు. బ్లీచ్ చేయొచ్చా?
— విజయనగరం

జవాబు: చేయొచ్చు, బ్లీచ్ చేయాల్సిన సందర్భం నిజంగా ఇదే. ముందు కవర్లు చూడండి. లోపలి మెరుపు పొర పొరలుగా లేస్తున్నా, ఎలాస్టిక్ లాగితే తిరిగి ముడుచుకోకపోయినా వాటిని పారేయండి. ఇన్సర్టులు మిగతావాటితో పాటు ఒకసారి మామూలుగా ఉతికి, మూత్రం తాలూకు ఘాటు ఏమీ లేదని చూసుకోండి. అమ్మోనియా ఉన్న గుడ్డ మీద బ్లీచ్ పడితే క్లోరమీన్ అనే విషవాయువు వస్తుంది. అందుకే వాడిన డైపర్‌ను నేరుగా బ్లీచ్‌లో ముంచడం ఎప్పుడూ పనికిరాదు.

తర్వాత 20 లీటర్ల చన్నీళ్లలో 100 మిల్లీలీటర్ల లిక్విడ్ బ్లీచ్ (లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం దగ్గర ఉన్నది) కలిపి, 30 నిమిషాలు ముంచి ఉంచండి. ఎక్కువసేపు వద్దు. వేడినీళ్లూ వద్దు. నిమ్మఉప్పు, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ దరిదాపుల్లో ఉండకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. కిటికీ తెరిచి, గ్లౌజులతో చేయండి. తర్వాత జాడించి, వేడినీళ్లతో డిటర్జెంట్ ఉతుకు ఒకటి, ఎండ ఒకటి. నల్ల చుక్కలు బూజు. బూజు చచ్చినా మచ్చ మిగలొచ్చు, వాడుకోవచ్చు. రంగు బొమ్మలున్న కవర్లు కొంచెం వెలుస్తాయి. సంతలో దొరికే బ్లీచింగ్ పౌడర్ మాత్రం వాడకండి, కరగని రవ్వలు గుడ్డకు చిల్లులు పెడతాయి.

ప్రశ్న: డైపర్లు కొత్తవి, ఉతుకు బాగానే ఉంది. అయినా నాలుగు రోజులుగా బాబు మూత్రమే దుర్వాసనగా ఉంది. నిన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది.
— ఖమ్మం

జవాబు: ఇది ఉతుకు ప్రశ్న కాదు. మూత్రం దుర్వాసనతో పాటు జ్వరం ఉంటే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ఇవాళే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మూత్ర పరీక్ష చేయించండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు వస్తే రాత్రయినా ఆగకూడదు. ఉచ్చ పోసేటప్పుడు ఏడవడం, వాంతులు, డైపర్ గంటల తరబడి పొడిగా ఉండటం కూడా చెప్పాల్సిన గుర్తులే.

ప్రశ్న: అన్నప్రాసన అయినప్పటి నుంచి మురికి బుట్ట మూత తీయలేకపోతున్నాం. మూత ఉన్న బకెట్‌లో నీళ్లు పోసి నానబెడుతున్నాం, రెండు రోజులకోసారి ఉతుకుతాం. ఊరికి వెళ్లేటప్పుడు బస్సులో ఎలా తీసుకెళ్లాలి?
— తిరుపతి

జవాబు: మూత, నీళ్లు, రెండు రోజులు. ఈ మూడింటిలో ముందు మొదటి రెండూ తీసేయండి. గాలి లేని నిలవ నీళ్లలో మురికి పులుస్తుంది, కవర్ల ఎలాస్టిక్ కూడా పాడవుతుంది. పక్కన రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టలో పొడిగా, విడివిడిగా పడేయండి. తల్లిపాలు మాత్రమే తాగినప్పటి మలం నీళ్లలో కరిగిపోతుంది, అన్నం మొదలయ్యాక అలా పోదు. దాన్ని టాయిలెట్‌లో దులిపి, మిగిలింది జెట్ స్ప్రేతో చన్నీళ్లు కొట్టి కడిగాకే బుట్టలోకి. మొదటే వేడినీళ్లు పోస్తే మరక ముదురుతుంది. మలం ఉన్న డైపర్ ఉంటే ఆ రోజే ఉతకడం మంచిది, మిగతావి రెండు రోజులు ఆగొచ్చు.

బస్సులో తడి బయటకు రాని జిప్ సంచి వాడండి. మలం దులపకుండా అందులో వేయకండి. ఊరు చేరగానే జిప్ తీసి, రాత్రి డైపర్లుంటే ముందు వాటిని జాడించండి. సంచిని కూడా ప్రతిసారీ డైపర్లతో పాటే, లోపలి వైపు బయటకు తిప్పి ఉతకండి.